విద్యుదీకరణ గ్రాంటు డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి? బే ఏరియా తెలుగు సంఘానికి నా సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియా సౌత్ బేలోని ఒక నగరం, ఇళ్ళలో గ్యాస్ పరికరాల స్థానంలో విద్యుత్ పరికరాలు పెట్టించుకునేలా ప్రజలను ప్రోత్సహించడానికి స్థానిక సంఘాలకు చిన్న గ్రాంట్లు ఇస్తోంది. అక్కడి తెలుగు సంఘం దరఖాస్తు చేయాలనుకుంటోంది. ఒక సదస్సు, తెలుగు కరపత్రాలు, ఇండక్షన్ పొయ్యి మీద వంటల పోటీ, ఇంతవరకు అనుకున్నారు. ఇది సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

సదస్సు పెట్టుకోండి. భోజనాలుంటే జనం వస్తారు కూడా. కానీ దానివల్ల ఒక్క గ్యాస్ హీటరైనా మారుతుందని నేను అనుకోను. ఇళ్ళ విద్యుత్ సామర్థ్యాన్ని లెక్కగట్టడం, హీట్ పంప్ (గాలిలోని వేడిని లాగి అందించే విద్యుత్ పరికరం) పనులు పర్యవేక్షించడం చాలా ఏళ్ళుగా నా వృత్తి. ఏ ఇంట్లోనైనా గ్యాస్ ఉంటుందా పోతుందా అన్నది వాటర్ హీటర్ కారడం మొదలైన రోజున తేలుతుంది. మీ గ్రాంటు పనినంతా ఆ రోజు చుట్టూ అల్లండి. వంటల పోటీ దాని తర్వాత.

ముందు నగరం మీ సంఘం గడప ఎందుకు తొక్కిందో తెలుసుకుంటే దరఖాస్తు రాయడం తేలిక. బర్క్‌లీ నగరం 2019 జులైలో కొత్త భవనాలకు గ్యాస్ గొట్టాలు వేయకూడదని ఆర్డినెన్సు చేసింది. దేశంలో అదే మొదటిది. రాష్ట్ర రెస్టారెంట్ల సంఘం కోర్టుకెక్కింది. 2023 ఏప్రిల్‌లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు, పరికరాల ఇంధన వాడకం 1975 నాటి ఫెడరల్ చట్టం పరిధిలోని విషయమని, నగరం ఈ దారిలో దానికి అడ్డుకట్ట వేయడం కుదరదని తీర్పునిచ్చింది. 2024లో బర్క్‌లీ ఆ ఆర్డినెన్సును ఉపసంహరించుకోవడానికి ఒప్పుకుంది. అలా నగరాలకు దండోపాయం చేజారింది. మిగిలినవి సామదానాలు. మీరు అడగబోతున్న గ్రాంటు ఆ దానం కిందికి వస్తుంది.

నగరాల చేతిలో దండం లేకపోయినా బే ఏరియా వాయు నాణ్యత నియంత్రణ సంస్థ చేతిలో ఒకటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువరించే కొత్త గ్యాస్ పరికరాల అమ్మకాన్ని దశలవారీగా ఆపాలని ఆ సంస్థ 2023 మార్చిలో నిర్ణయించింది: ఇళ్ళలోని మామూలు వాటర్ హీటర్లకు 2027 నుంచి, ఫర్నేసులకు 2029 నుంచి, పెద్ద వాటర్ హీటర్లకు 2031 నుంచి. ఇప్పుడు ఇంట్లో ఉన్నదాన్ని ఎవరూ పీకేయరు, మరమ్మతు చేయించుకోవచ్చు. పోయాక కొత్తది కొనేటప్పుడే ఆ నిబంధన వర్తిస్తుంది. గ్యాస్ పొయ్యి దీనిలో లేదు. తేదీలు, మినహాయింపులు మారే అవకాశం ఉంది కాబట్టి సభ్యులకు చెప్పేముందు ఆనాటి నిబంధన చూసుకోండి. మన వాట్సాప్ గుంపుల్లో ‘పొయ్యిలు ఎత్తుకుపోతారట’ అన్న పుకారు ఏటా ఒకసారి తిరుగుతుంది. దాన్ని ఆపగలిగినా మీ సంఘం సగం పుణ్యం కట్టుకున్నట్టే.

ఇక అసలు సంగతి, వాటర్ హీటర్. ఇక్కడి హీటర్ మన ఊళ్ళలో స్నానాల గదిలో వేలాడే గీజర్ లాంటిది కాదు. నలభై యాభై గ్యాలన్ల తొట్టి, గ్యారేజీలో ఓ మూల నిలబడి పది పన్నెండేళ్ళు ఎవరి కంటా పడకుండా పనిచేస్తుంది. ఒక ఆదివారం అడుగున తుప్పు పట్టి నీళ్ళు కారతాయి. ఇంట్లో పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. ప్లంబరుకు ఫోను చేస్తే మధ్యాహ్నానికల్లా అలాంటి గ్యాస్ తొట్టినే తెచ్చి బిగించి వెళతాడు. హీట్ పంప్ హీటర్ కావాలంటే ఆ రోజే దొరకకపోవచ్చు, 240 వోల్టుల తీగ లాగాలి, పర్మిట్ తీసుకోవాలి, రాయితీ కోసం ముందుగా పేరు నమోదు చేసుకుని ఉండాలి. వారం రోజులు చన్నీళ్ళ స్నానం చేసి భూగోళాన్ని కాపాడమని ఏ గృహిణికీ నేను చెప్పలేను. కొత్త గ్యాస్ తొట్టి వచ్చిందంటే ఆ ఇల్లు మళ్ళీ పన్నెండేళ్ళ దాకా మీ గ్రాంటుకు దొరకదు.

అందుకే గ్రాంటు డబ్బులో పెద్ద వాటా ఇంటింటి సర్వేకు కేటాయించండి. పది పన్నెండు మంది వాలంటీర్లకు తర్ఫీదు ఇప్పించి, సభ్యుల ఇళ్ళకు వెళ్ళి గంటలోపు ముగిసే పని అప్పగించాలి. హీటరు మీది లేబుల్ ఫోటో తీయాలి. సీరియల్ నంబరును బట్టి ఎప్పుడు తయారైందో తెలుస్తుంది. బ్రేకర్ల పెట్టె తలుపు తెరిచి ఫోటో తీయాలి, లోపలి కవచం మాత్రం విప్పకూడదు. హీటర్ నిలబడిన చోటు కొలతలు రాసుకోవాలి. హీట్ పంప్ హీటర్ చుట్టుపక్కల గాలిలోని వేడిని లాగి నీళ్ళకిస్తుంది కాబట్టి దానికి గాలి కావాలి. చాలా మోడళ్ళు సుమారు 700 ఘనపుటడుగుల చోటు అడుగుతాయి. గ్యారేజీ అయితే ఇబ్బంది లేదు, ఇంటి మధ్యలోని చిన్న అల్మారా అయితే జాలీ తలుపో గాలి గొట్టమో పెట్టాలి. దాని నుంచి నీటి బొట్లు కారతాయి, అవి పోయే దారి చూడాలి. ఫ్రిజ్ కంటే కొంచెం ఎక్కువ చప్పుడు చేస్తుంది, పడకగది గోడకు ఆనించి పెట్టొద్దు. భూకంపాల పట్టీలు మాత్రం ఏ హీటరుకైనా ఇక్కడ తప్పనిసరి.

సర్వే అయ్యాక హీటరు వయసు పదేళ్ళు దాటిన ఇళ్ళ జాబితా ఒకటి తయారవుతుంది. వాళ్ళ చేత, హీటరు బాగున్నప్పుడే, రెండు మూడు కొటేషన్లు తెప్పించుకుని తీగ పని ముందుగా చేయించండి. అప్పటికీ ఎవరి హీటరైనా హఠాత్తుగా పోతే? కొందరు ప్లంబర్లు వాడిన గ్యాస్ హీటరును తాత్కాలికంగా బిగించి, హీట్ పంప్ వచ్చాక విప్పి తీసుకెళతారు. రెండుసార్లు బిగించే కూలీ ఎవరు భరించాలన్నదే చిక్కు. ఆ కూలీకి గ్రాంటులో ఒక పద్దు రాయండి. మీ దరఖాస్తు మొత్తంలో నాకు నచ్చే ఒక్క పద్దు అడిగితే ఇదే అంటాను.

డబ్బు ఆదా అవుతుందా అని ప్రతి ఇంట్లో అడుగుతారు. నిజం చెప్పండి. గ్యాస్ బిల్లులో కొలత థర్మ్; ఒక థర్మ్ గ్యాస్‌లో 29.3 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) శక్తి ఉంటుంది. మామూలు గ్యాస్ హీటర్ దానిలో 60 శాతం నీళ్ళకు చేర్చిందనుకుంటే దాదాపు 17.6 యూనిట్ల వేడి. అదే వేడిని హీట్ పంప్, ఒక యూనిట్ కరెంటుకు 3.3 యూనిట్ల వేడి చొప్పున, 5.3 యూనిట్ల కరెంటుతో ఇస్తుంది. కరెంటు యూనిట్ 40 సెంట్లు, గ్యాస్ థర్మ్ 2.50 డాలర్లు అనుకుందాం. గ్యాస్‌తో 2.50, హీట్ పంప్‌తో 2.12. మిగిలేది స్వల్పం. ఇక్కడి పెద్ద ప్రైవేటు విద్యుత్ సంస్థ పీజీ అండ్ ఈ కరెంటు వాడే ఇంట్లో ‘బిల్లు సగమవుతుంది’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. శాంటా క్లారా, పాలో ఆల్టో నగరాలకు సొంత విద్యుత్ సంస్థలున్నాయి, అక్కడ కరెంటు ఎంతో చవక. ఆ రెండు చోట్ల ఈ లెక్క బాగా మారిపోతుంది.

ఇదే లెక్కలో ఒక గొయ్యి కూడా ఉంది. హీట్ పంప్ లేని మామూలు ఎలక్ట్రిక్ తొట్టి చూడటానికి చవకగా ఉంటుంది. అది అంతే వేడికి 17.6 యూనిట్లకు పైగానే తింటుంది, అంటే 7 డాలర్ల పైమాట. విద్యుదీకరణ అన్న పేరుతో ఎవరికైనా అది అంటగడితే ఆ కుటుంబం మీ సంఘాన్ని జీవితాంతం తిట్టుకుంటుంది, అందులో తప్పేమీ లేదు. హీట్ పంప్ హీటర్‌లోనూ అత్యవసరానికి మామూలు కాయిల్ ఉంటుంది. సాయంత్రం 4 నుంచి 9 వరకు కరెంటు ఖరీదెక్కువ కాబట్టి పగలే నీళ్ళు కాచుకునేలా వేళలు పెట్టించి, కాయిల్ వాడకాన్ని తగ్గించి చూపించాలి. హీట్ పంప్ నెమ్మదిగా కాస్తుంది, కాబట్టి పాత తొట్టి 50 గ్యాలన్లదైతే కొత్తది 65 లేదా 80 తీసుకోమనండి. అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉండే ఇళ్ళు మనవి. పెద్దవాళ్ళు ఇప్పటికీ బకెట్టు స్నానమే చేస్తారు కాబట్టి వాళ్ళతో బాధ లేదు, ఇరవై నిమిషాల షవర్ పిల్లలతోనే.

తర్వాతి అడ్డంకి బ్రేకర్ల పెట్టె. పాత ఇళ్ళలో 100 ఆంపియర్ల ప్యానెల్ ఉంటుంది. ఎవరిని పిలిచినా ముందు 200కి పెంచాలంటారు. అది వేల డాలర్ల పని. వీధి తీగ భూమిలోంచి వస్తుంటే ఇంకా ఎక్కువ, విద్యుత్ సంస్థ కోసం నెలల నిరీక్షణ వేరే. చాలా ఇళ్ళకు ఆ అవసరం లేదు. ఏడాది మీటరు లెక్కల్లో గరిష్ఠ వాడకం చూసి, దానికి 25 శాతం కలిపి, కొత్త పరికరాన్ని దానిపై లెక్కించడానికి విద్యుత్ కోడ్ ఒప్పుకుంటుంది. గంటగంటకూ లెక్క చెప్పే మీటర్లు ఇక్కడ ఇప్పటికే ఉన్నాయి, ఇంటివారే సంస్థ వెబ్‌సైట్ నుంచి దింపుకోవచ్చు. ఉదాహరణకు గరిష్ఠం 6 కిలోవాట్లు అనుకోండి. 240 వోల్టుల దగ్గర అది 25 ఆంపియర్లు, పావు వంతు కలిపితే 31. వందలో ఇంకా 69 మిగిలే ఉంది. హీట్ పంప్ హీటరు కాయిల్‌తో సహా లాగేది సుమారు 20 ఆంపియర్లే. సౌర ఫలకాలున్న ఇళ్ళలో మాత్రం మీటరు సగం కథే చెబుతుంది, అక్కడ పరికరాలను విడివిడిగా కూడి లెక్కవేయాలి.

ప్యానెల్‌లో జాగా అంతా తినేసేది కారు చార్జర్. 50 ఆంపియర్ల సర్క్యూట్ పెట్టించుకోవడం మనవాళ్ళకు పరువు సమస్యలాగా మారింది. 240 వోల్టుల మీద 20 ఆంపియర్ల సర్క్యూట్ రాత్రి పది గంటల్లో దాదాపు 38 యూనిట్లు నింపుతుంది. అది వంద మైళ్ళకు పైగా వస్తుంది. రోజూ ఆఫీసుకు అంతకంటే దూరం వెళ్ళేవారు మీ సంఘంలో ఎంతమంది? కారు సర్క్యూట్‌ను తగ్గిస్తే హీటరుకూ పొయ్యికీ చోటు దొరుకుతుంది. జాగా బొత్తిగా లేని ఇంటికి మామూలు 120 వోల్టుల ప్లగ్గుకు తగిలించే హీట్ పంప్ హీటర్లు వచ్చాయి. అవి ఇంకా నిదానం, తొట్టి పెద్దది తీసుకోవాలి, కానీ తీగ లాగే పని దాదాపు ఉండదు. కొన్ని పాత రకాల ప్యానెళ్ళు మాత్రం ప్రమాదకరమైనవి, బ్రేకర్ పడాల్సినప్పుడు పడదు. అలాంటివి కనిపిస్తే లెక్కలు పక్కన పెట్టి మార్పించాల్సిందే. సంఘానికి మంచి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఒకరిని గంటల లెక్కన కుదుర్చుకుని, వాలంటీర్లు తెచ్చిన ఫోటోలు ఆయనకు చూపించండి.

వంట గురించి తక్కువే చెబుతాను. ఇంటి గ్యాస్‌లో పొయ్యి వాటా చిన్నది, చర్చలో వాటా మాత్రం సింహభాగం. వంటల పోటీ కంటే, ఎవరి గిన్నెలు వాళ్ళను తెచ్చుకోమని, ఒక అయస్కాంతం పెట్టుకుని కూర్చోవడం మేలు. అయస్కాంతం అంటుకున్నది ఇండక్షన్‌కు పనికొస్తుంది. ఇనుప దోసె పెనం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అల్యూమినియం ఇడ్లీ పాత్ర, ఇత్తడి గిన్నె, మట్టి కుండ పనిచేయవు. గుండ్రటి అడుగున్న మూకుడు మామూలు ఇండక్షన్ మీద నిలవదు. పోపు పెట్టేటప్పుడు పూర్తి వేడిలో పెడితే నూనె క్షణాల్లో కాగి ఆవాలు మాడతాయి, మధ్యస్థంగా మొదలుపెట్టాలి. పుల్కాను పెనం మీదే గుడ్డతో అదిమి పొంగించవచ్చు. వంకాయ కాల్చి పచ్చడి చేయాలంటే ఓవెన్‌లోని బ్రాయిలరే గతి, మంటమీది రుచి రాదు, వస్తుందని బుకాయించకండి. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చిన ఇండక్షన్ పొయ్యి 230 వోల్టులది, ఇక్కడి ప్లగ్గులో పనిచేయదు. బే ఏరియా స్థానిక విద్యుత్ సంస్థలు కొన్ని ఇండక్షన్ పొయ్యిలను అరువిస్తాయి. గ్రాంటుతో కొనేముందు అవి మీ ఊళ్ళో ఉన్నాయేమో కనుక్కోండి.

అద్దెకున్నవాళ్ళను మరిచిపోకండి. మీ సభ్యుల్లో అపార్టుమెంట్లలో ఉండే కుర్ర కుటుంబాలు ఎక్కువే ఉంటాయి. హీటరు యజమానిది, వాళ్ళు దానిమీద చేయి వేయలేరు. ప్లగ్గుతో పనిచేసే ఇండక్షన్ పొయ్యి ఒక్కటే వాళ్ళకు వెంటనే అందేది. అలాగే ‘మనకు ఆదాయ పరిమితి దాటిపోతుందిలే’ అని ముందే అనుకోవద్దు. శాంటా క్లారా కౌంటీలో నలుగురున్న కుటుంబపు మధ్యస్థ ఆదాయం 2024 లెక్కల్లో 1,80,000 డాలర్లు దాటింది. ఫెడరల్ నిధులతో రాష్ట్రం నడిపే రిబేటు పథకంలో అర్హతను ఆ మధ్యస్థంతో పోల్చి చూస్తారు: 80 శాతంలోపు వారికి ఎక్కువ, 150 శాతం వరకు కొంత. ఒకే జీతం మీద నడిచే ఇల్లు, పదవీ విరమణ చేసిన పెద్దలు దీనిలోకి రావచ్చు. అయితే ఆ నిధులు నిండుకుంటాయి, దరఖాస్తులు ఆగిపోతుంటాయి. ఇంకొక మాట: 2022 చట్టం ఇచ్చిన 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31 తర్వాత బిగించిన హీట్ పంపులకు లేదు. ఇంటర్నెట్‌లో తిరిగే పాత వీడియోలన్నీ ఇంకా అది ఉందనే చెబుతున్నాయి. మీ కరపత్రంలో ఆ అంకె పడితే నగరం ముందు మీరే తలదించుకోవాలి.

ఇతర నగరాలు ఏం చేశాయో దరఖాస్తులో రెండు వాక్యాలు రాయండి, సమీక్షించేవారికి నచ్చుతుంది. పాలో ఆల్టో హీటర్ నుంచి పర్మిట్ దాకా అన్నీ కలిపి ఒకే ధరకు, మొదట్లో 2,700 డాలర్లకు, అందించింది. లేదా 1,500 కట్టి, మిగతాది కరెంటు బిల్లులో నెలకు 20 చొప్పున అయిదేళ్ళు. ఇంటివారు కాంట్రాక్టరును వెతుక్కునే బాధే లేదు. మెన్లో పార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన 45 లక్షల డాలర్లను బెల్ హేవెన్ వంటి తక్కువ ఆదాయ ప్రాంతాల ఇళ్ళకు కేటాయించింది.

నేను ఎక్కువగా చూడమనేది ఒరెగాన్‌లోని పోర్ట్‌లండ్. అక్కడి ఓటర్లు 2018లో పెద్ద చిల్లర వ్యాపార సంస్థల మీద 1 శాతం సర్‌చార్జి వేసుకుని సొంత నిధి ఏర్పరచుకున్నారు. 2021 జూన్‌లో ఎండ 46.7 డిగ్రీలకు చేరి, ఏసీలు లేని ఇళ్ళలో వృద్ధులు చనిపోయారు. ఆ తర్వాత అయిదేళ్ళలో 15,000 ఇళ్ళకు చల్లదనాన్నిచ్చే పరికరాలు పెట్టాలని ఆ నిధితో పథకం మొదలుపెట్టి, ఇంటింటికీ చేర్చే పనిని స్థానిక సంఘాలకు అప్పగించారు. గుర్తుపట్టిన మనిషి వస్తేనే ముసలివాళ్ళు తలుపు తీస్తారు. మీ సంఘానికి ఉన్న బలం అదే, కాంట్రాక్టరుకు లేనిదీ అదే. అయితే ఆ నిధికి చెడ్డపేరూ వచ్చింది. 2022 మార్చిలో నగర ఆడిటర్, లక్ష్యాలూ జవాబుదారీతనమూ సరిగా ఏర్పరచలేదని నివేదిక ఇచ్చారు. కాబట్టి ఇప్పుడు ఏ నగరమైనా సంఘాల దగ్గర కాగితాలు గట్టిగానే అడుగుతుంది.

ఆ కాగితాల్లో ‘సదస్సుకు వచ్చినవారు ఇంతమంది’ అన్న లక్ష్యం రాయకండి. సర్వే చేసిన ఇళ్ళు, వాటిలో పదేళ్ళు దాటిన హీటర్లు, ముందుగా తీగ లాగించుకున్నవారు, పర్మిట్ ముగిసిన పనులు, ఈ నాలుగు లెక్కలు చాలు. పర్మిట్ లేకుండా పని కానిచ్చేద్దామనే బేరం ప్రతి వీధిలో వినబడుతుంది. రాయితీలు ఇచ్చేవారు సాధారణంగా పర్మిట్ అడుగుతారు, కాబట్టి సంఘం పేరు మీద అలాంటి కాంట్రాక్టరును సిఫార్సు చేయొద్దు. సిఫార్సు సంగతి వచ్చింది కాబట్టి: కార్యవర్గంలో ఎవరి బావమరిదికైనా ఈ వ్యాపారం ఉంటే అది మొదటి సమావేశంలోనే మినిట్స్‌లో రాసిపెట్టుకోండి.

చివరగా నగర సిబ్బందితో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి. డబ్బు ముందు ఇస్తారా, లేక మీరు ఖర్చుపెట్టి రసీదులు చూపాక ఇస్తారా? ఎక్కువగా రెండోదే ఉంటుంది. అలాగైతే మూడు నెలల ఖర్చు సంఘం ఖాతాలో ఉండాలి, దసరా కార్యక్రమం డబ్బుతో కలిపేయకూడదు. వాలంటీర్లు జనం ఇళ్ళలోకి వెళతారు కాబట్టి బాధ్యతా బీమా ఎంతకు కావాలంటారు? దాని ప్రీమియం గ్రాంటులో చూపవచ్చా? మూడోది, హీట్ పంప్ హీటర్లకు పర్మిట్ రుసుము తగ్గించి, తనిఖీ రెండు మూడు రోజుల్లో ముగిస్తామని వాళ్ళు మాట ఇస్తారా? ఇస్తే అది రాతలో తీసుకుని ప్లంబర్లకు చూపించండి. హీట్ పంప్ అనగానే ధర పెంచేసేవాళ్ళలో చాలామంది, పర్మిట్ ఆఫీసు చుట్టూ తిరిగే రోజులను కూడా కలిపే ఆ ధర చెబుతున్నారు.